మళ్ళీ అడిగితే తప్పన్నట్టేనా?

సంక్రాంతికి మా చెల్లెలు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఐదేళ్ళ మేనకోడల్ని వంటింటి గట్టు దగ్గర స్టూలెక్కించి, ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోశాను. "రెండిట్లో ఒకటేనా, తేడా ఉందా?" అనడిగితే వంగి, కళ్ళు నీటి మట్టానికి పెట్టి చూసి, "ఒకటే" అంది. ఒక గ్లాసులోవి పొడుగ్గా సన్నగా ఉన్న జ్యూసు గ్లాసులోకి వంపి మళ్ళీ అదే ప్రశ్న అడిగాను. ఈసారి గ్లాసుల వంక ఒకసారి చూసింది, నా మొహం వంక రెండుసార్లు చూసింది. "దీంట్లో ఎక్కువ" అని పొడుగు గ్లాసు చూపించింది.

ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే (1896–1980) చేసి చూపించినది. మన దగ్గర టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) రాసినవాళ్ళకి ఆయన పేరు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. గుండీల్లాంటివి రెండు వరుసల్లో సమానంగా పేర్చి, ఒక వరుసని ఎడంగా జరిపితే, ఐదేళ్ళ పిల్లల్లో చాలామంది పొడుగు వరుసలోనే ఎక్కువున్నాయంటారు. ఆరేడేళ్ళు వస్తే గానీ ఆకారం మారినా మొత్తం మారదన్న సంగతి వాళ్ళకి పట్టుబడదని పియాజే తేల్చాడు. పుస్తకాల్లో అక్కడితో చాప్టర్ అయిపోతుంది. నాకు మాత్రం ఆ పిల్ల నా మొహం వంక చూసిన చూపు దగ్గరే ఆలోచన ఆగిపోయింది.

ఆ చూపుని పట్టించుకున్నవాళ్ళు అంతకుముందే ఉన్నారు. 1974లో సూసన్ రోజ్, మారియన్ బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ వరుసల పరీక్షలో చిన్న మార్పు చేశారు. మామూలుగా ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతారు, జరపకముందు ఒకసారి, జరిపాక ఒకసారి. వీళ్ళు మొదటిసారి అడగడం మానేసి, జరిపాక మాత్రమే అడిగారు. ఆరేళ్ళ పిల్లలు చేసే తప్పులు తగ్గాయి. పిల్ల వైపు నుంచి చూస్తే ఇందులో వింతేమీ లేదు. జవాబు చెప్పేశాక పెద్దాయన మళ్ళీ అదే అడుగుతున్నాడంటే, మొదట చెప్పింది తప్పన్నమాట!

అదే ఏడాది బ్రిటన్‌లో జేమ్స్ మెక్‌గ్యారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇంకా సరదా పని చేశారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు 80 మంది ముందు వరుసని పెద్దవాళ్ళు జరపకుండా, అల్లరి ఎలుగుబంటి బొమ్మ ఒకటి పెట్టెలోంచి దూకి చెడగొట్టినట్టు నాటకం ఆడారు. పెద్దవాళ్ళు కావాలని జరిపినప్పుడు సరిగ్గా చెప్పినవాళ్ళు ఐదింట ఒక వంతు కూడా లేరు. బొమ్మ చెడగొట్టినప్పుడు సగానికి పైగా సరిగ్గా చెప్పారు. పెద్దాయన పనిగట్టుకుని జరిపితే దాని వెనక ఏదో ఉద్దేశం ఉండే ఉంటుందని పిల్లలు లెక్కేస్తారు. బొమ్మకి ఉద్దేశాలేముంటాయి?

ఈ కథని ఇంత తీపిగా ముగించేస్తే అన్యాయం. 1986లో క్రిస్ మూర్, డగ్లస్ ఫ్రై ఆ బొమ్మ చేత నిజంగానే ఒకసారి వరుసలో ఒక బిళ్ళ కలిపించి, ఇంకోసారి ఒకటి తీయించి చూశారు. అప్పుడు పిల్లల జవాబులు తప్పాయి. అంటే ఎలుగుబంటి అల్లరిలో పడి కొందరు వరుసల్ని అసలు చూడనే లేదేమో! పిల్లలకి మనం అనుకునేదానికన్నా ఎక్కువ తెలుసనే మాట నాకూ ఇష్టమే, కానీ ఇష్టమైన మాటనే ముందు అనుమానించాలి. నిక్కచ్చిగా మిగిలేది ఒకటే: మనం అడిగే తీరుని బట్టి పిల్లల జవాబు మారుతుంది.

ఇక మన ఇళ్ళల్లో, బళ్ళల్లో ఎలా అడుగుతాం? పిల్లాడు తప్పు చెబితే "మళ్ళీ చెప్పు", "సరిగ్గా చూసి చెప్పు" అంటాం. ఒప్పు చెబితే "వెరీ గుడ్" అని పేజీ తిప్పేస్తాం. ఇది ఏళ్ళ తరబడి జరిగాక "మళ్ళీ చెప్పు" అంటే తప్పని వాడికి అర్థమైపోతుంది. ఏడూ అయిదూ పన్నెండని సరిగ్గా చెప్పినవాణ్ణి కూడా "నిజమేనా?" అనండి, కళ్ళల్లో టెన్షన్ కనిపిస్తుంది, పదమూడు అనేస్తాడు. అందుకని నేను ఒప్పు జవాబుకీ "ఎలా తెలిసింది?" అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో పిల్లలు బిత్తరపోతారు. నాలుగు రోజులకి, అడిగితే తప్పనేం కాదని అర్థమై, వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూపిస్తారు.

చూపించి నేర్పడంలోనూ ఒక చిక్కుంది. 2011లో ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం నాలుగు రకాల పనులు చేసే గొట్టాల బొమ్మ ఒకటి తయారుచేసింది. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, మిగతా మూడు పనులూ దాగి ఉంటాయి. "ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తా చూడు" అని కీచు ఒక్కటే చూపించి ఇస్తే, పిల్లలు ఎక్కువగా దానితోనే ఆడారు. పొరపాటున తగిలి కీచుమన్నట్టు నటించి ఇస్తే, అద్దమూ లైటూ పాటా వెతుక్కున్నారు. నాకు బాగా నచ్చింది మూడో ఏర్పాటు. చూపించీ చూపించగానే, బొమ్మ చూపించే ఆవిడ ఏదో పని గుర్తొచ్చినట్టు మధ్యలో లేచి వెళ్ళిపోయింది, పిల్లలు మళ్ళీ వెతికారు. టీచరు మొత్తం చెప్పిందనుకుంటే ఇంకేమీ లేదనుకుంటారు, సగంలో ఆగిందనుకుంటే మిగతాది ఉందనుకుంటారు. పాఠం మధ్యలో ఫోన్ మోగితే ఇకమీదట మరీ విసుక్కోనక్కర్లేదు.

ఏడు చేపల కథలో మన అవ్వలు చేసిందీ దాదాపు ఇదే. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు ఎందుకు అడ్డొచ్చింది, ఆవు ఎందుకు మెయ్యలేదు అంటూ చీమ దాకా పోతుంది కథ. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని చీమ ఎదురు ప్రశ్న వేస్తే, జవాబు లేకుండానే ఆగిపోతుంది. చేప ఎండకపోవడానికి తప్పెవరిదో కథ చెప్పదు. దాని మీద పిల్లలే వాదించుకుంటారు.

మర్నాడు పొద్దున మేనకోడలే వచ్చి, "మామయ్యా, నీళ్ళ ఆట" అంది. ఈసారి నేను పోయలేదు, తననే పొయ్యమన్నాను. మొదట ఏమీ అడగలేదు కూడా. జ్యూసు గ్లాసులోకి వంపాక ఒక్కసారే అడిగాను, ఒకటేనా అని. నా మొహం చూడలేదు. గట్టు మీద వేలు పెట్టి తడి చూపించింది.

"ఒకటి కాదు. ఇక్కడ కొంచెం ఒలికింది కదా!"