ముషిణి గింజ, సాలీడు విషం, మెదడులో బ్రేకు

మా చెల్లెలి కొడుక్కి ఫిట్స్. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాడు, చాలావరకు అదుపులోనే ఉంది. పోయిన నెల చంద్రగిరి నుంచి మా మామ తిరుపతి వచ్చి, కాగితం పొట్లం విప్పి నాలుగు గింజలు చూపించాడు. కోటు గుండీల్లా గుండ్రంగా, పలచగా, బూడిద రంగులో, పైన పట్టులాంటి నూగుతో ఉన్నాయి. ముషిణి గింజలు. శుద్ధి చేసి ఇస్తే నరాల జబ్బులు పోతాయంట. డాక్టరేమో అంతకుముందే "మెదడులో బ్రేకు కొంచెం వీకమ్మా" అని చెప్పి పంపాడు. చెల్లెలు రెండూ విని నా వైపు తిరిగింది: "ఏమన్నా, బ్రేకు బ్రేకు అంటా ఉండారే, ఆ బ్రేకు ఆడ ఎవురు బిగించినారు?"

మంచి ప్రశ్నే అడిగింది. సైంటిస్టులకి ఇది తేలడానికి వందేళ్లు పైనే పట్టింది, విచిత్రం ఏమిటంటే కథ మొదలయ్యేది మామ పొట్లంలో ఉన్న ఆ గింజ దగ్గరే.

శేషాచలం అడవుల్లో తిరిగినవాళ్లకి ముషిణి చెట్టు కొత్త కాదు. పండు చూడ్డానికి నారింజలా నోరూరిస్తుంది, గింజ మాత్రం పచ్చి విషం. (బురద నీళ్లు తేరడానికి కుండలో అరగదీసే చిల్లగింజ కూడా దీని జాతిదే, ఒక ఇంటి పిల్లలు ఇద్దరు రెండు దార్లు పట్టినట్టు.) 1818లో పెల్తియే, కావెంతూ అనే ఇద్దరు ఫ్రెంచి రసాయనవేత్తలు ఈ జాతి గింజల్లోంచి స్ట్రిక్నిన్‌ని వేరుచేశారు. అది ఒంట్లోకి పోతే ఏమవుతుందో తెలుసుకుంటే బ్రేకు అంటే ఏమిటో సగం అర్థమైనట్టే. వెన్నుపాములో కండరాలని నడిపించే నాడీకణానికి "కానీ" అని ఉసిగొల్పే సందేశాలూ వస్తాయి, "ఆగు" అనే సందేశాలూ వస్తాయి. స్ట్రిక్నిన్ ఆ "ఆగు"ని చెవిన పడనివ్వదు. తలుపు చప్పుడైనా, ఎవరి చెయ్యైనా తగిలినా, ఒళ్లు విల్లులా వంగి బిగుసుకుపోతుంది, మనిషికి తెలివి మాత్రం ఉంటుంది, ఊపిరి ఆడించే కండరాలు కూడా పట్టేస్తే అంతే. ఫిట్స్ ఉన్న పిల్లోడికి ఈ గింజ ఇద్దామన్నాడు మామ!

నాడీకణాలు ఒకదాన్నొకటి తాకే చోటికి సైనాప్స్ అన్న పేరు 1897లో ఇంగ్లండులో షెరింగ్టన్ పెట్టాడు. ఒక కండరం బిగుసుకున్నప్పుడు దానికి ఎదురుగా పనిచేసే కండరం సడలాలి, లేకపోతే మోకాలు కూడా మడవలేం, కాబట్టి ఆపడం కూడా ఉసిగొల్పడమంత పనే అని గట్టిగా చెప్పినవాడు ఆయనే. బ్రేకు అన్న పోలికతో నాకున్న పేచీ కూడా ఇదే. కొండ దిగే బస్సు డ్రైవరు బ్రేకు తొక్కేది బస్సు ఆపడానికి కాదు, మలుపు సరిగ్గా తిరగడానికి. షెరింగ్టన్ శిష్యుడు ఎకిల్స్ చాలా ఏళ్లు సైనాప్స్‌లో జరిగేదంతా కరెంటేనని, రసాయనాలకి అక్కడ పనిలేదని వాదించాడు. 1951లో న్యూజిలాండులో పిల్లి వెన్నుపాములోని ఒక్క నాడీకణంలోకి సన్నటి గాజు సూది దింపి చూస్తే, "ఆగు" సందేశం వచ్చినప్పుడు కణం లోపల వోల్టేజి తన లెక్క ప్రకారం వెళ్లాల్సిన వైపు కాకుండా ఎదురు వైపు వెళ్లింది. వాదన తప్పని ఒప్పేసుకున్నాడు. అలా ఒప్పుకున్నందుకే ఆయనంటే నాకు గౌరవం. 1963లో నోబెల్ కూడా వచ్చింది.

ఆపే రసాయనాలు ఏవో కూడా ఆ రోజుల్లోనే ఒక్కొక్కటీ తేలాయి. మెదడులో గాబా ఉందని 1950లో తెలిసింది, వెన్నుపాములో గ్లైసిన్ ఈ పని చేస్తుందని 1960ల్లో. రెండూ ఎదుటి కణంలోని రిసెప్టర్లకి, అంటే సందేశం అందుకునే ప్రొటీన్లకి, తగిలి క్లోరైడ్ లోపలికి వచ్చే దారి తెరుస్తాయి, కణం చల్లబడుతుంది. స్ట్రిక్నిన్ పోయి కూర్చునేది ఆ గ్లైసిన్ రిసెప్టర్ మీదే.

చిక్కంతా ఇక్కడి నుంచే. ఒక్క నాడీకణం మీద వేల సైనాప్స్‌లు ఉంటాయి, కొన్ని ఉసిగొల్పేవి, కొన్ని ఆపేవి, పక్కపక్కనే. గాబా వదిలే కొనకి సరిగ్గా ఎదురుగా గాబా రిసెప్టర్లే ఎందుకు గుమిగూడతాయి? పొరపాటున పక్క సైనాప్స్ కింద ఎందుకు చేరవు?

మొదటి ఆధారం ముషిణి పుణ్యమే. 1982లో జర్మనీలో హైన్‌రిష్ బెట్స్ బృందం గ్లైసిన్ రిసెప్టర్‌ని శుద్ధంగా పట్టుకోవాలనుకుంది. స్ట్రిక్నిన్ దానికి అంటుకుంటుంది కదా, అందుకని స్ట్రిక్నిన్‌ లాంటి అణువునే గాలంగా కట్టి ఎలుక వెన్నుపాము రసాన్ని దాని మీదుగా పోనిచ్చారు. రిసెప్టర్ చిక్కింది, దాంతోపాటు ఇంకో పెద్ద ప్రొటీన్ కూడా వదలకుండా అంటుకొచ్చింది. అది రిసెప్టర్‌లో భాగం కాదు, కణం లోపలి వైపున ఉండి రిసెప్టర్లని కదలకుండా పట్టి ఉంచే ఆధారం అని తర్వాత తేలింది. గ్రీకులో వంతెన అనే మాట నుంచి దానికి జెఫిరిన్ అని పేరు పెట్టారు. గాబా రిసెప్టర్లని నిలబెట్టడంలోనూ దానిదే పెద్ద చెయ్యి.

సరే, జెఫిరిన్ రిసెప్టర్లని పట్టుకుంటుంది. మరి ఇక్కడే నిలబడమని జెఫిరిన్‌కి చెప్పేదెవరు? అది కణం లోపల ఉంటుంది, అవతలి కొన ఏమి వదులుతుందో దానికి ఎలా తెలుస్తుంది?

దీనికి సమాధానం ఇంకో విషం నుంచి వచ్చింది. బ్లాక్ విడో అనే సాలీడు విషం నాడీకొనల్లో ఉన్న రసాయనాలన్నీ ఒక్కసారిగా బయటికి కక్కిస్తుంది. ఆ విషం దేనికి అంటుకుంటోందని వెతుకుతూ 1992లో అమెరికాలో థామస్ జూడాఫ్ ల్యాబ్ న్యూరెక్సిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంది. సందేశం పంపే కొన పైపొర నుంచి బయటికి చెయ్యి చాపినట్టు ఉంటుంది అది. ఆ చేతిని అందుకునే న్యూరోలిజిన్ ఎదుటి కణంలో 1995లో దొరికింది. రెండు కణాలని అతికించే ఇలాంటివాటినే అతుకు ప్రొటీన్లు అంటాం.

వట్టి జిగురేనా? 2000లో చేసిన ప్రయోగం చూడండి. నాడులతో ఏ సంబంధమూ లేని కిడ్నీ కణాలలో న్యూరోలిజిన్ పుట్టించి నాడీకణాల పక్కన పెడితే, ఆ నాడీకణాలు మోసపోయి కిడ్నీ కణాల మీదే సైనాప్స్ సరంజామా కట్టేశాయి. 2004లో ఇంకో సంగతి బయటపడింది: న్యూరోలిజిన్లలో 2వ రకం ప్రధానంగా ఆపే సైనాప్స్‌ల దగ్గరే ఉంటుంది. అయితే జిగురు సైనాప్స్‌ని కడుతుందన్నమాట అని అందరూ అనుకుంటుండగా, 2006లో మూడు రకాల న్యూరోలిజిన్లూ తీసేసిన ఎలుక పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే ఊపిరి ఆడక చనిపోయాయి, కోసి చూస్తే సైనాప్స్‌ల లెక్క దాదాపు మామూలుగానే ఉంది! కట్టడమైతే జరిగింది, పని మాత్రం జరగలేదు. కిడ్నీ కణాల ప్రయోగం అబద్ధం కాదు, దాన్ని చూసి మనం ఊహించుకున్నదే ఎక్కువ.

2009లో ముడి విడింది. న్యూరోలిజిన్ 2 తోక కణం లోపలికి చొచ్చుకుని ఉంటుంది. అది జెఫిరిన్‌ని పట్టుకుంటుంది, కొలిబిస్టిన్ అనే ఇంకో ప్రొటీన్‌ని మేలుకొలుపుతుంది, అది జెఫిరిన్‌ని పైపొర దగ్గరికి చేరుస్తుంది, రిసెప్టర్లు వచ్చి దాని మీద కుదురుకుంటాయి. మా చెల్లెలి ప్రశ్నకి ఇదే నేరు జవాబు. అయితే ఇది ముఖ్యంగా కణం నడిబొడ్డు చుట్టూ ఉన్న సైనాప్స్‌ల సంగతి, కొమ్మల మీద లెక్క వేరు. 2012లో స్లిట్రక్ 3 అనే ఇంకో అతుకు ప్రొటీన్ వచ్చింది, అది లేని ఎలుకల్లో ఆపే సైనాప్స్‌లు తగ్గి ఫిట్స్ వచ్చాయి. 2013లో న్యూరోలిజిన్ 2 చేతిని న్యూరెక్సిన్‌కి అందకుండా అడ్డుపడే ప్రొటీన్ కూడా దొరికింది, అంటే బ్రేకు మరీ బిగుసుకోకుండా చూసేవాడూ ఉన్నాడు. అది ఎందుకు అవసరమంటే, స్వీడన్‌లో ఆటిజం ఉన్న అన్నదమ్ముల్లో 2003లో న్యూరోలిజిన్ 3 జీన్‌లో ఒక మార్పు కనబడింది, అదే మార్పు ఎలుకల్లో పెట్టి చూస్తే 2007లో కనిపించింది బ్రేకు తగ్గడం కాదు, పెరగడం.

ఇదంతా చెల్లెలికి ఇంత వివరంగా చెప్పలేదు. "అయితే ఆ జిగురుకి మాత్ర ఉందా అన్నా?" అంది. లేదు. ఫిట్స్‌కి ఇచ్చే మందుల్లో గాబా మీద పనిచేసేవి ఉన్నాయి, అవి రిసెప్టర్ దగ్గరో, గాబా మోతాదు దగ్గరో పనిచేస్తాయి, కింద పట్టి ఉంచే అతుకు దాకా పోయే మందు ఇంకా షాపుల్లోకి రాలేదు. వీడి ఫిట్స్‌కి కారణం అతుకేనని కూడా ఎవరూ చెప్పలేదు. డాక్టరు రాసిన మాత్రే వేస్తున్నాం, రాత్రి ఎనిమిదికి, అన్నం తిన్నాక.

మామ పొట్లం బీరువా పైన ఉంది, పిల్లోళ్లకి అందనంత ఎత్తులో. ఈసారి వచ్చినప్పుడు ఆయనకే తిరిగి ఇచ్చేయాలి.