‘మార్కెటా లాజరోవా’ చూసినవాళ్లు తికమకపడేది ఎక్కడ, ఎందుకు

చెక్ సినీ విమర్శకులు 1998లో ఓట్లు వేసి తమ దేశపు అత్యుత్తమ చిత్రంగా ఎంచుకున్నది ఫ్రాంటిషెక్ వ్లాచిల్ 1967లో తీసిన ‘మార్కెటా లాజరోవా’. ఆ పేరు విని చూడ్డం మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి అరగంట తిరిగేసరికి ఎవరు ఎవరిని కొట్టారో, ఎందుకు కొట్టారో అంతుపట్టదు. చెక్ మధ్యయుగ చరిత్ర తెలియకపోవడమే కారణమనుకుంటారు. అది కారణం కాదు. ఈ కథకు ముందుగా చదువుకోవాల్సిన యుద్ధం లేదు, సంధి లేదు. పదమూడో శతాబ్దం, చలికాలం, దారిదోపిడీతో బతికే రెండు కుటుంబాలు, వాళ్లను అణచడానికి వచ్చిన రాజుగారి సైన్యం. చరిత్ర అంతవరకే.

తికమక మొదలైంది మూలనవలలోనే. 1931లో దాన్ని రాసిన వ్లాదిస్లవ్ వాంచురా చదువుకు వైద్యుడు, ‘దెవెత్సిల్’ అనే నవ్య కళాకారుల బృందానికి తొలి అధ్యక్షుడు. రాజు దారుల భద్రత కోసం పాటుపడుతున్న అల్లర్ల కాలంలో, మ్లాదా బొలెస్లవ్ ప్రాంతంలో ఈ కథ జరిగిందనుకోమని మొదట్లోనే పాఠకుడికి చెప్పేస్తాడు. తేదీ ఇవ్వడు. కథకుడు మాటిమాటికీ మధ్యలో దూరి పాత్రలను మెచ్చుకుంటాడు, వెక్కిరిస్తాడు. నవల బలం సంఘటనల్లో కన్నా ఆ గొంతులోనే ఎక్కువ. వాంచురాను 1942లో నాజీలు కాల్చి చంపారు. ఆ నవలను తెరకెక్కించాలంటే కథతోపాటు ఆ గొంతును కూడా ఎక్కడో నిలబెట్టాలి.

వ్లాచిల్‌కు ముందు చెక్ చారిత్రక చిత్రానికి నమూనా దర్శకుడు ఒటాకర్ వావ్రా తీసిన హుస్సైట్ త్రయం (హుస్సైట్లంటే పదిహేనో శతాబ్దపు చెక్ మతసంస్కర్త యాన్ హుస్ అనుచరులు): 1954లో ‘యాన్ హుస్’, 1955లో ‘యాన్ జిష్కా’, ఆ తర్వాత ‘అందరికీ ఎదురుగా’. పెద్ద పెద్ద ప్రసంగాలు, వేలమంది జనం, చరిత్రను కమ్యూనిస్టు పార్టీ చెప్పే తీరుకు తగ్గట్టు మలచిన నాయకులు. వాటిలో ప్రేక్షకుడికి ప్రతిదీ వివరించి చెబుతారు. పాతకాలపు బట్టలు తొడుక్కున్న ఈనాటి మనుషులు వ్లాచిల్‌కు నచ్చలేదు. ఆనాటి మనిషికి లోకం ఎలా కనబడేదో అలాగే చూపాలన్నాడు. అలా చూపాలంటే వివరణలు తీసేయాల్సిందే. ఆయన బ్ర్నోలో కళాచరిత్ర, సౌందర్యశాస్త్రం చదివాడు, సైన్యం సినిమా విభాగంలో పని నేర్చాడు, దృశ్యాలను ముందుగా బొమ్మలుగా గీసుకునేవాడు. సెట్టింగులు, దుస్తులు, ఆయుధాలు ఆ కాలపు పద్ధతిలో చేయించి, నటీనటులను చలిలో అడవుల్లో నెలల తరబడి ఉంచాడు. తెరమీది బురద, పొగ, వణుకు అక్కడివే.

ఇక చూసేవాడి పట్టు తప్పే చోట్లు. మొదటిది జ్ఞాపకాలు. రెండు దోపిడీ కుటుంబాల్లో ఒకదానికి పెద్ద కోజ్లీక్. అతని కొడుకు ఆడమ్‌కు ఒక చెయ్యి లేదు. అది ఎలా పోయిందో సినిమా చాలాసేపు చెప్పదు. చెప్పినప్పుడు కూడా ‘గతం’ అని ఏ గుర్తూ ఉండదు. మసకబారడం లేదు, సంగీతంలో సూచన లేదు. చెల్లెలు అలెక్సాండ్రాతో సంబంధం బయటపడి తండ్రే నరికాడన్నది ముక్కలుగా వచ్చే దృశ్యాలనుంచి మనమే కూర్చుకోవాలి. రెండోది కెమెరా. ఉన్నట్టుండి అది ఒక పాత్ర కళ్లలోకి వెళ్లిపోతుంది, ఎదుటివాడు నేరుగా మనతో మాట్లాడతాడు. దూరపు కటకాలతో తీసిన షాట్లలో మంచు, చెట్లు, గుర్రాలు ఒకే పొరగా అతుక్కుపోయి ఎవరు దగ్గరో ఎవరు దూరమో తేలదు. మూడోది ధ్వని, నా లెక్కలో అసలు దోషి ఇదే. మాటలన్నీ తర్వాత స్టూడియోలో చెప్పించినవి. స్లొవాక్ నటులకు చెక్ గొంతులు పెట్టారు. బయలు మంచు మైదానంలో మాట్లాడినా గుడిలో మాట్లాడినట్టు ప్రతిధ్వని వస్తుంది. కాబట్టి గొంతును బట్టి మనిషి ఎక్కడున్నాడో పోల్చుకోలేం. దానిమీద సంగీత దర్శకుడు జ్దెన్యెక్ లిష్కా బృందగానం, తాళవాద్యాలు.

పేర్ల గొడవ ఒకటి. దోపిడీకి గురైన సాక్సన్ ప్రభువు, బందీగా దొరికిన అతని కొడుకు, ఇద్దరి పేరూ ‘క్రిస్టియాన్’ అనే. వాళ్లు జర్మన్ మాట్లాడతారు. సబ్‌టైటిళ్లు ఆ తేడా చూపకపోతే పక్కవాళ్లకు వాళ్ల మాట ఎందుకు అర్థం కావడంలేదో మనకు తెలియదు.

వాంచురా కథకుడి గొంతు సినిమాలో అధ్యాయ శీర్షికలుగానూ వ్యాఖ్యానంగానూ మిగిలింది. రాబోయే భాగంలో ఏం జరుగుతుందో శీర్షిక ముందే చెప్పేస్తుంది, బుర్రకథలో కథకుడు ఘట్టం ఎత్తుకునే ముందు చెప్పినట్టు. ఉత్కంఠ పోతుందని వాటిని దాటేసేవాళ్లున్నారు. దాటేస్తే సినిమా ఇచ్చే ఒకే ఒక్క సాయం పోయినట్టే. అవి కనబడగానే ఆపి చదవాలి.

ఇంకొన్ని పనికొచ్చే సంగతులు. నిడివి సుమారు 2 గంటల 45 నిమిషాలు. ‘స్త్రాబా’, ‘దేవుని గొర్రెపిల్ల’ అని రెండు భాగాలు. తొలిసారి చూసేవాళ్లు మధ్యలో ఆగడం మంచిదే. కూర్చోకముందు రెండు ఇళ్లను గుర్తుపెట్టుకుంటే చాలు. కోజ్లీక్ ఇంట్లో భార్య కాతేర్జినా, కొడుకులు మికోలాష్, ఆడమ్, కూతురు అలెక్సాండ్రా. పేరుకు క్రైస్తవులే గానీ పాత నమ్మకాలు వదలనివాళ్లు. పొరుగున లాజర్, భక్తి మాటలు చెబుతూ ఇతరులు దోచినదాంట్లో మిగిలింది ఏరుకునేవాడు. అతను మఠానికి ఇస్తానని మొక్కుకున్న కూతురే మార్కెటా. మికోలాష్ ఆమెను ఎత్తుకుపోయి బలాత్కరిస్తాడు. ఆ తర్వాత ఆమె అతనివైపే నిలబడుతుంది. చాలామందికి మింగుడుపడనిది ఇదే. సినిమా దీన్నీ సమర్థించదు, వివరించదు. గొర్రెను వెంటేసుకుని తిరిగే సన్యాసి బెర్నార్డ్ వస్తే కథ ఆగినట్టే అనిపిస్తుంది, కానీ రెండోభాగం పేరుకు ఆ గొర్రెతో సంబంధం ఉంది.

వెడల్పు తెర కోసం తీసిన నలుపు తెలుపు చిత్రం కాబట్టి ఫోన్‌లో చూస్తే ఫ్రేమ్ అంచుల్లో ఉన్న మనుషులు మాయమవుతారు. 2011లో డిజిటల్‌గా పునరుద్ధరించారు. చూడాలంటే ఆ ప్రతే చూడాలి. అరిగిపోయిన పాత ప్రతుల్లో రాత్రి దృశ్యాలు నల్లటి ముద్దలే.

నిర్మాణానికి అయిన ఖర్చు కొంతైనా రాబట్టాలని అవే దుస్తులు, సామగ్రి వాడి వ్లాచిల్ వెంటనే మరో మధ్యయుగ చిత్రం తీశాడు: 1968లో వచ్చిన ‘తేనెటీగల లోయ’. గంటన్నర పైచిలుకు నిడివి, ఇద్దరు యోధ సన్యాసుల కథ, మొదటినుంచి చివరిదాకా వరుసగా సాగుతుంది. ఎక్కడా తికమక లేదు.