బస్సు, మెట్రో మనవల్ల కాదా? నడక కష్టమైనవాళ్ల ప్రయాణంపై అపోహలు - వాస్తవాలు

పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్లకి, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. గదిలో నడిపించడం ఒక ఎత్తు, మళ్లీ వాళ్లని బస్సు ఎక్కించడం ఇంకో ఎత్తు. కాళ్లు బాగుపడ్డాక కూడా చాలామంది ఇల్లు కదలట్లేదు. దానికి కారణం ఎక్కువగా చుట్టుపక్కలవాళ్ల మాటలే.

అపోహ: మెట్రోలో లిఫ్టులున్నాయిగా, ఇంకేం ఇబ్బంది?

వాస్తవం: మెట్రో నిజంగానే మేలు. లిఫ్టులు, వీల్‌చెయిర్ పట్టే వెడల్పాటి గేటు, చూపులేనివాళ్ల కోసం నేల మీద గరుకు పలకలు, అన్నీ ఉన్నాయి. కష్టమల్లా ఆ లిఫ్ట్ దాకా చేరడమే. ఫుట్‌పాత్ మీద బైకులు, తోపుడు బండ్లు, లేచిపోయిన రాళ్లు... ప్రయాణం ఆగిపోయేది ఈ వంద మీటర్లలోనే. అందుకే పేషెంట్‌ని తీసుకెళ్లే ముందు ఇంట్లోవాళ్లెవరైనా ఒకసారి వెళ్లి చూసి రండి: లిఫ్ట్ రోడ్డుకి ఏ పక్కన ఉంది, ఆటో దాని దగ్గర ఆగుతుందా, తిరిగొచ్చేటప్పుడు ఏ వైపు దిగాలి. అమీర్‌పేటలో లైన్ మారాలంటే ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి వెళ్లాలి, కాబట్టి చేతిలో కాస్త ఎక్కువ టైమ్ పెట్టుకోండి.

అపోహ: కాలు బాగాలేనివాళ్లు సిటీ బస్సు ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: బస్సుని బట్టి ఉంటుంది. మన దేశంలో సిటీ బస్సుల ప్రమాణాల ప్రకారం లో-ఫ్లోర్ బస్సు నేల ఎత్తు 400 మిల్లీమీటర్లు, సెమీ లో-ఫ్లోర్‌ది 650, మామూలుది 900. మోకాలు పూర్తిగా వంగనివాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. ఒకే రూట్‌లో రెండు రకాల బస్సులు తిరుగుతుంటే కాసేపు ఆగైనా సరే నేల ఎత్తు తక్కువున్న బస్సే ఎక్కండి.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఎందుకంటే పైకైనా కిందికైనా ఒళ్లు బరువంతా మోయాల్సింది మంచి కాలే. ఈ ఒక్కటి ఇంట్లో మెట్ల మీద అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. తోడు వచ్చినవాళ్లు ఎప్పుడూ కింది వైపే ఉండాలి, అంటే ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు.

దయచేసి పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని మాత్రం పైకి లాగకండి. ఆ భుజం చుట్టూ కండరాలకి పట్టు ఉండదు, ఒక్క గుంజుకి కీలు జారొచ్చు, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. కండక్టర్‌గానీ పక్కనున్న ప్రయాణికుడుగానీ సాయం చేయాలన్న మంచి మనసుతోనే అందిన చెయ్యి పట్టుకుని లాగేస్తారు, అందుకే వాళ్లు చెయ్యి చాపకముందే "నడుము దగ్గర పట్టుకోండి అన్నా" అని చెప్పేయండి. నడుముకి గట్టి బెల్టు కట్టి తీసుకెళ్తే ఇంకా మంచిది, పట్టుకోవడానికి పట్టు దొరుకుతుంది.

ఇంకోటి, రద్దీ. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఇది మా పేషెంట్లలో చాలామంది అమ్మలకి, అమ్మమ్మలకి నిజమైన ఆసరా. పొద్దున, సాయంత్రం మాత్రం కాలు పెట్టే సందుండదు. మొదటి ప్రయాణాలు పదకొండు, మూడు గంటల మధ్య పెట్టుకోండి, వీలైతే బస్సు బయల్దేరే చోటే ఎక్కండి.

అపోహ: నొప్పి ఎటు ఉంటే చేతికర్ర అటే పట్టుకోవాలి.

వాస్తవం: కాదు, రెండో వైపు చేతిలో. కుడి కాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, ఆ కాలూ కర్రా కలిసి ముందుకు పడాలి. చెయ్యి కిందికి వదిలేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి.

అపోహ: వీల్‌చెయిర్‌ని నలుగురు పట్టి ఎత్తేస్తే పనైపోతుంది.

వాస్తవం: చాలా కుర్చీల చేతులు ఊడొచ్చేలా ఉంటాయి. అక్కడ పట్టుకుని ఎత్తితే అవి చేతిలోకి వస్తాయి, మనిషి కింద పడతాడు. కదలని ఫ్రేమ్ పట్టుకోవాలి, మనిషిని అడిగాకే ముట్టుకోవాలి. మెట్రోలో ప్లాట్‌ఫామ్‌కి, రైలుకి మధ్య సందులో ముందున్న చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి, అందుకే కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందుగా దాటించండి. దిగేటప్పుడూ అంతే.

అపోహ: వైకల్య సర్టిఫికెట్ లేకపోతే ఇవేవీ అడగకూడదు, ఉన్నా అదంతా వాళ్ల దయ.

వాస్తవం: పాస్‌కీ రాయితీకీ సర్టిఫికెట్ కావాలి. లిఫ్ట్ ఎక్కడానికి అక్కర్లేదు. దయ సంగతికొస్తే, వికలాంగుల హక్కుల చట్టం 2016లో 41వ సెక్షన్ రవాణా గురించే. కట్టడాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, కొన్నిటినైనా తప్పనిసరి చేయాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీ వికలాంగుల అధ్యయన కేంద్రమే. కాబట్టి లిఫ్ట్ పనిచేయకపోతే వెనుదిరిగి ఇంటికొచ్చేయకండి. స్టేషన్ పేరు, ఏ లిఫ్టో, టైమ్ రాసి స్టేషన్ సిబ్బందికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.