గంజాయి: కన్సల్టింగ్ గదిలో నేను రోజూ వినే అపోహలు

హైదరాబాద్‌లో మానసిక వైద్యం చేస్తున్నాను. గంజాయి కేసులు నా దగ్గరికి దాదాపు ఒకే తీరులో వస్తాయి. కొడుకు బ్యాగులో ఓసీబీ పేపర్, అంటే గంజాయి చుట్టుకునే పల్చటి కాగితం, దొరుకుతుంది. అదేంటో తండ్రికి తెలియదు, పాన్ డబ్బాలో అడిగి తెలుసుకుంటాడు. ఇంట్లో రెండు రోజులు రభస. తర్వాత ముగ్గురూ నా ఎదురుగా కూర్చుంటారు, ఎవరి అపోహ వాళ్లు పట్టుకుని.

అపోహ: "అమెరికాలో లీగల్ సార్. యూఎన్ కూడా లిస్టులోంచి తీసేసింది."

ఇది కొడుకు మాట. ఇందులో సగమే నిజం. కెనడా 2018లో, జర్మనీ 2024లో పెద్దవాళ్లకు షరతులతో అనుమతించాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం, అంటే అక్కడి కేంద్ర చట్టం, ఒప్పుకోలేదు. వీసా మీద వెళ్లిన మన పిల్లల ఇమిగ్రేషన్ వ్యవహారమంతా నడిచేది ఆ ఫెడరల్ చట్టం కిందే. ఎమ్మెస్‌కు వెళ్లబోయే కుర్రాడికి ఈ ముక్క చెప్తే కాసేపు మాట పడిపోతుంది. థాయ్‌లాండ్ 2022లో గేట్లెత్తి, 2025లో మళ్లీ డాక్టర్ చీటీ ఉండాల్సిందే అంది. ఇక యూఎన్ సంగతి. 2020 డిసెంబరులో 27-25 ఓట్లతో గంజాయిని మత్తుమందుల అంతర్జాతీయ ఒప్పందంలోని అతి కఠినమైన నాలుగో షెడ్యూలు నుంచి తీసేశారు, మన దేశమూ అనుకూలంగానే ఓటేసింది. కానీ మొదటి షెడ్యూలులో అది అలాగే ఉంది, అంటే నియంత్రణ పోలేదు.

అపోహ: "కిలో లోపైతే కేసే లేదు."

ఇది ఫ్రెండ్స్ చెప్పిన లా. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలో లోపు 'చిన్న పరిమాణం'. దానికి శిక్ష తక్కువ, అంతే: ఏడాది వరకు జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటి దొరికితే కనీసం పదేళ్లు. ఏమీ దొరక్కపోయినా తాగడమే నేరం, ఆరు నెలల దాకా పడొచ్చు. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్‌కు ఆ కిలో లెక్క కూడా వర్తించదు, అక్కడ చిన్న పరిమాణం అంటే 100 గ్రాముల లోపే. భంగు మాత్రం వేరే కథ. పూత లేని ఒట్టి ఆకును ఈ చట్టం గంజాయి కింద లెక్కించదు, అది రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల చేతిలో ఉంటుంది.

ఇక్కడ నా మాట ఒకటి. తాగేవాడికి జైలు భయం పెడితే నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆలస్యంగా వస్తున్నారు తప్ప, తాగడం మానేయడం నేను చూడలేదు. అలాగని కొట్లో పెట్టి అమ్మమని నేననను.

అపోహ: "ఆస్పత్రిలో పేరు రాస్తే పోలీసులకు వెళ్తుంది."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఈ భయంతోనే ఏడాదీ రెండేళ్లూ దాచి, పరిస్థితి చేయిదాటాక తీసుకొస్తారు. ఒకాయన అయితే పిల్లాడి పేరు మార్చి రాయించాడు. పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మా బాధ్యత. కోర్టు అడగడం, ప్రాణాపాయం లాంటి కొద్ది సందర్భాలే దానికి మినహాయింపు. తాగి వచ్చాడని పోలీసులకు ఫోన్ చేయడం మా పని కాదు.

అప్పటికే కేసైనా దారి ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ గురించి చాలామంది విననే లేదు. అలవాటు పడినవాడు వాడకం కేసులోనో చిన్న పరిమాణం కేసులోనో ఇరుక్కుంటే, ప్రభుత్వ ఆస్పత్రిలోగానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలోగానీ తనంతట తానుగా చేరి చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. సగంలో ఎగ్గొడితే ఆ రక్షణ పోవచ్చు. వకీలును అడగండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉంది, మత్తు అలవాటు మాన్పించే 14446 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది.

అపోహ: "ఆకే కదా, అలవాటు పడదు."

వాడినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు పడతారు. టీనేజీలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. రోజూ తాగేవాళ్లలో అనుమానాలు, చెవిలో మాటలు వినిపించే సైకోసిస్ ముప్పు పెరుగుతుంది.

ఇంకొకటుంది, ఎవరూ ఊహించనిది. ఒక అబ్బాయికి ఆగని వాంతులు. ఎండోస్కోపీ, స్కానింగ్, అన్నీ నార్మల్. వాళ్లమ్మ మాటల మధ్యలో, "రోజుకు ఐదారుసార్లు వేడినీళ్లు పోసుకుంటాడు డాక్టర్ గారూ, గీజర్ ఆపితే గొడవ" అంది. ఆ మాటతోనే దొరికింది. ఏళ్ల తరబడి గంజాయి తాగేవాళ్లలో కొందరికి ఇలాంటి వాంతులొస్తాయి, వేడినీళ్లు పడితేనే కాస్త ఉపశమనం. గంజాయి మానేశాక అతనికి తగ్గాయి.

అపోహ: "ఒక ఇంజెక్షన్ చేసి మాన్పించండి."

ఇది తండ్రుల కోరిక. గంజాయిని మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మందు లేదు. నిద్రకు, చిరాకుకు మందులిస్తాం, మిగతాది వారాల తరబడి కౌన్సెలింగే. మానేసిన ఒకటి రెండు రోజుల్లో నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, కోపం మొదలై మొదటి వారంలో ముదురుతాయి, రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతాయి. రోజూ తాగినవాడికైతే మానేశాక కూడా వారాల తరబడి యూరిన్ టెస్టులో పాజిటివ్ రావచ్చు. ఆ టెస్టు కార్డు చూపించి "మళ్లీ తాగావు" అని కొట్టిన తండ్రులున్నారు. ఆ మొదటి రెండు వారాలు ఇంట్లో ఉద్యోగం ఊసు, పక్కింటి అబ్బాయి ప్యాకేజీ ఊసు ఎత్తకండి. కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేసినా, మళ్లీ వడ్డించండి.