లూప్ వేసే చేతికి సాధన కావాలి

కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, వెళ్లే కుటుంబాలు నెలల తరబడి గుంటూరు మిరప చేలలోనే ఉంటాయి. గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్రలు అక్కడ ఎవరు తెచ్చిస్తారు? మూడు నెలలకోసారి వేయించుకోవాల్సిన గర్భనిరోధక ఇంజెక్షన్ ‘అంతర’కైనా కూలి మానుకుని ఆస్పత్రి వెతుక్కోవాలి. గర్భాశయంలో అమర్చే లూప్, కాపర్-టీ 380ఏ, అయితే ఒకసారి వేస్తే 10 ఏళ్లు పనిచేస్తుంది. దాని రాగి అయాన్లు వీర్యకణాలను అండం చేరనివ్వవు. మొదటి ఏడాదిలో అది విఫలమయ్యేది నూటికి ఒకరికన్నా తక్కువ మందిలోనే.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. లూప్ వాడేవారు ఒక్క శాతం కూడా లేరు. ఆడవాళ్లకు భయం అని తేల్చేయడం సులభం. నా అనుమానం మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మీదే.

శిక్షణ పొందిన స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం కూడా లూప్ వేయవచ్చు. ముందు బొమ్మ నమూనా మీద, తర్వాత అనుభవజ్ఞుల ఎదుట నేర్పుతారు. గర్భం, ఇన్ఫెక్షన్ లేవని నిర్ధారించుకోవాలి. గర్భాశయం ఎటు వంగి ఉందో చేత్తో పరీక్షించి, లోతు కొలవాలి. అసలు మెలకువ ఆ తర్వాత ఉంది: గొట్టంలో ఉన్న టీ ఆకారపు లూప్‌ను లోపలికి నెట్టకూడదు. లోపలి కడ్డీని కదలకుండా పట్టుకుని, బయటి గొట్టాన్ని వెనక్కి లాగాలి. కొత్త చేయి నెట్టడానికే చూస్తుంది. గర్భాశయానికి రంధ్రం పడటం వెయ్యిలో ఒకరికి జరిగే అరుదైన సంగతే కానీ, నర్సుకు వణుకు పుట్టించడానికి అది చాలు. కాన్పయ్యాక మాయ పడిన 10 నిమిషాల్లో, లేదా 48 గంటల్లోపు వేయడం మరో విద్య. గర్భాశయం పైకొసకు చేర్చకపోతే లూప్ జారిపోతుంది.

అడిగేవారు లేని కేంద్రంలో ఈ నేర్పు మరుపున పడుతుంది. అప్పుడు నర్సు “పెద్దాసుపత్రికి వెళ్లమ్మా” అంటుంది, లేదా ఆపరేషన్ మాటెత్తుతుంది. దాంతో అడిగేవారు ఇంకా తగ్గుతారు.

మాటల్లోనూ శిక్షణ కావాలి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రుతుస్రావం, నొప్పి పెరగవచ్చని ముందే చెబితే ఆమె ఓర్చుకుంటుంది, చెప్పకపోతే హడలిపోతుంది. రక్తహీనత ఉంటే ఐరన్ మాత్రలూ ఇవ్వాలి.

తీయడం కూడా ఈ విద్యలో భాగమే. లూప్ అయితే దారం పట్టి మెల్లగా లాగితే సాధారణంగా వచ్చేస్తుంది. ప్రభుత్వ కార్యక్రమంలోకి కొత్తగా వస్తున్న గర్భనిరోధక ఇంప్లాంట్ అలా కాదు. మోచేతికి పైన, చేతి లోపలివైపు చర్మం కిందే ఉండాల్సిన ఆ కడ్డీ లోతుకు దిగితే, తీయడానికి మరింత అనుభవమున్న డాక్టర్ కావాలి.