చౌరస్తా మీద ఫ్లైఓవర్ పడితే ఇక ఇబ్బందే ఉండదా? అపోహలు - వాస్తవాలు

రోడ్ల డిజైన్ నా వృత్తి. నల్లగొండ జిల్లాలో హైవే పక్క ఏ ఊరికెళ్లినా “సారూ, మా చౌరస్తా మీద బ్రిడ్జి ఎప్పుడేస్తరు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దాని వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: ఫ్లైఓవర్ అన్నా, ఇంటర్‌చేంజ్ అన్నా ఒకటే.

కాదు. ఫ్లైఓవర్ తిన్నగా పోయేవాళ్లను పైనుంచి దాటిస్తుంది. తిరిగేవాళ్లు కిందే ఉండిపోతారు. వాళ్లకూ ర్యాంపులు (ఎక్కి దిగే వాలు దారులు), లూపులతో (గుండ్రంగా తిరిగే దారులతో) విడిగా దారి ఇస్తేనే ఇంటర్‌చేంజ్. పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ హైవే నుంచి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కినవాళ్లకు ఈ తేడా తెలుసు. నాలుగు దారుల మామూలు కూడలిలో వాహనాలు కలిసే, విడిపోయే, అడ్డంగా దాటే చోట్లు 32. అందులో అడ్డంగా దాటేవే 16. ఎక్కువ ప్రమాదం వీటితోనే.

అపోహ: ట్రాఫిక్ బాగా ఉన్నచోటే బ్రిడ్జి అవసరం.

నగరంలో అది చాలావరకు నిజం. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985 మార్గదర్శకాల్లో అన్ని దారులూ కలిపి గంటకు 10,000 పీసీయూలు (అన్ని వాహనాలనూ కార్ల లెక్కలోకి మార్చే కొలత) దాటితే ఇంటర్‌చేంజ్ ఆలోచించవచ్చని ఉంది. కారు ఒక పీసీయూ అయితే లారీ మూడు. సంక్రాంతి రద్దీ చూసి ఈ లెక్క కట్టకూడదు, మామూలు రోజులదే తీయాలి.

హైవే మీద మాత్రం రద్దీ కన్నా వేగం ప్రమాదం. కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్ కుడికి తిరగడానికి డివైడర్ సందులో ఆగుతుంది. సందు నాలుగైదు మీటర్లే, బండి అంతకన్నా పొడుగు. ట్రాలీ వెనక భాగం ఫాస్ట్ లేన్‌లోనే ఉండిపోతుంది. గంటకు వంద కిలోమీటర్లతో వచ్చే కారు సెకనుకు 27 మీటర్లకు పైగా దూసుకొస్తుంది. డ్రైవర్ చూసి బ్రేకు తొక్కేలోపే దాదాపు 70 మీటర్లు అయిపోతాయి. రాత్రిపూట వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాలీని తలుచుకుంటేనే నాకు భయం. అలాంటి చోట వాహనాల లెక్క తక్కువుందని అండర్‌పాస్ (హైవేను పైకి లేపి కిందనుంచి ఇచ్చే దారి) వద్దనడం అన్యాయం.

అపోహ: క్లోవర్‌లీఫ్ (నాలుగు మూలలా నాలుగు లూపులతో ఆకులా కనిపించే ఇంటర్‌చేంజ్) అన్నిటికన్నా మేలు.

పైనుంచి ఫొటోలో అందంగా ఉంటుంది. అందులో కుడికి పోవాల్సినవాడు వంతెన దాటి, ఎడమకు లూపు తీసుకుని ముప్పావు వంతు గుండ్రంగా తిరగాలి. ఒక లూపు దిగేవాళ్లు, పక్క లూపు ఎక్కేవాళ్లు చిన్న ముక్కలోనే ఒకరి దారికి ఒకరు అడ్డం వస్తారు. పైగా భూమి విపరీతంగా పోతుంది. నార్కట్‌పల్లిలో అద్దంకి రోడ్డు చీలినట్టు మూడు దారులు కలిసేచోట ట్రంపెట్ ఆకారం (ఒకే లూపుతో బూరలా కనిపించే ఇంటర్‌చేంజ్) చాలు.

అపోహ: వంతెన కట్టాక కింద పనేం ఉండదు.

అసలు పని అక్కడే. సర్వీస్ రోడ్డు (హైవే పక్కనే ఊరి బండ్లకు వేసే దారి) మధ్యలో తెగిపోతే జనం రాంగ్ రూట్‌లోనే వస్తారు, వాళ్లను తిట్టి లాభం లేదు. డ్రాయింగ్ మీ ఊరికొచ్చినప్పుడు మూడు విషయాలు అడగండి. సర్వీస్ రోడ్డు రెండు వైపులా ఆగకుండా ఉందా? వానకు అండర్‌పాస్‌లో చేరే నీళ్లు ఎటు పోతాయి? దాని ఎత్తెంత? పెద్ద వాహనాలకు 5.5 మీటర్లు ఇస్తారు, చిన్నవాటికి 4 మీటర్లే. ఎత్తుగా గడ్డి కట్టిన ట్రాక్టర్ రెండోదాంట్లో పట్టకపోవచ్చు. ఒకసారి కాంక్రీటు పోశాక ఎత్తు పెంచడం కుదరదు, కాబట్టి ఇది ముందే అడగాలి.