స్పైనా బిఫిడా పిల్లల వంకర పాదం: పెద్ద కోత నుంచి చిన్న కోతకు

స్పైనా బిఫిడా, అంటే పుట్టుకతోనే వెన్నెముక సరిగా మూసుకోని లోపం, ఉన్న పిల్లల వంకర పాదాలు సర్జన్ల ముందుకు పెద్ద సంఖ్యలో వచ్చింది 1950ల తర్వాతే. అంతకుముందు ఆ పిల్లల్లో చాలామంది తలలో నీరు చేరి పసితనంలోనే పోయేవారు. 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్ తన కొడుకు కోసం షంట్ వాల్వు, అంటే తలలో చేరిన నీటిని గొట్టం ద్వారా బయటికి మళ్లించే కవాటం, తయారుచేశాడు. అప్పటినుంచి పిల్లలు బతకసాగారు. ఇక వాళ్లను నిలబెట్టే పని మొదలైంది.

మొదట మామూలు వంకర పాదానికి చేసే ఆపరేషనే చేశారు. 1971లో విన్సెంట్ టర్కో చెప్పిన పద్ధతిలో లోపలివైపు, వెనకవైపు బిగుసుకున్న కణజాలమంతా ఒకేసారి విడదీసి, ఎముకల్ని పిన్నుతో నిలుపుతారు. ఇక్కడే దెబ్బతిన్నారు. మామూలు వంకర పాదంలో మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువును, అంటే పిక్క కండరాన్ని మడమకు కలిపే పట్టీని, సాగదీస్తే చాలు. ఈ పిల్లల్లో అది మళ్లీ అతుక్కుని లాగుతుంది. అందుకే సాగదీయడం మానేసి, 2 సెం.మీ. ముక్క కోసి తీసేయడం అలవాటైంది. పాదాన్ని ఒకేసారి పూర్తిగా తిప్పితే లోపలివైపు చర్మం చాలక పుండు పడుతుంది. కాబట్టి మొదటి ప్లాస్టర్ కట్టులో కొంత వంపు వదిలేసి, గాయం మానాక రెండో కట్టులో సరిచేస్తారు. మరీ మొండి పాదాలకు చీలమండలోని టాలస్ ఎముకనే తీసేసేవారు. ఆస్ట్రేలియాలో మెనెలాస్ అనే సర్జన్ దీని గురించి 1971లోనే రాశాడు.

పాన్సెటి కట్లు, అంటే పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వరుసగా మార్చే ప్లాస్టర్ కట్లు, ఈ పిల్లలకు పనికిరావని చాలాకాలం అనుకున్నారు. 2009లో అమెరికా డాక్టర్లు ప్రచురించిన ఫలితాల్లో 28 పాదాల్లో 27 మొదట సరయ్యాయి, కానీ మూడింట రెండొంతులు తిరగబెట్టాయి. అయినా పెద్ద కోత తప్పిన పాదాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఇది ఓటమి కాదనే మా లెక్క.

కట్టు వేసేటప్పుడే అసలు జాగ్రత్త. పాదంలో స్పర్శ ఉండదు, ఒరిసినా బిడ్డ ఏడవదు. దూది మందంగా వేయాలి, వేళ్లు బయటికి కనిపించాలి, కట్టును వారం దాటనివ్వకూడదు. ఎముకలు పెళుసు, కాలు ఎర్రబడి వేడెక్కితే ఇన్ఫెక్షన్ అనుకుంటారు, ఎక్స్‌రే తీస్తే విరిగి ఉంటుంది. లేటెక్స్ గ్లవ్స్ మొదటి రోజు నుంచే వద్దు, ఈ పిల్లలకు ఆ అలర్జీ ఎక్కువ. సరైన పాదం ఉన్నట్టుండి మళ్లీ వంకర తిరిగితే కత్తి పట్టేముందు వెన్నుకు ఎంఆర్ఐ తీయించాలి. వెన్నుపాము కింద అతుక్కుని లాగబడుతుంటే, దాన్ని విడిపించేదాకా పాదం ఎన్నిసార్లు కోసినా నిలవదు.